ఎవరి చేతి బండి?

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా మనవడు మేడ దిగొచ్చి, నేను కాఫీ తాగుతుంటే ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. అందులో నల్లటి జీపు బొమ్మ. జీపంటే వాడికి కోపం, థార్ అనాలి. "తాతయ్యా, ఇది సెకండ్ హ్యాండు. నాలుగేళ్ళ తర్వాత మనం అమ్మితే ఎంత వస్తుందంటావ్?" అన్నాడు. ఇంకా కొనలేదు. కొనడం అటుంచి, కళ్ళతో చూడలేదు, తాళంచెవి చేత్తో పట్టుకోలేదు. అప్పుడే అమ్మకం లెక్క! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ రోజుకొకసారి అనేది. ఆ సామెత ఇంత సూటిగా తగిలిన సందర్భం నా డెబ్భై మూడేళ్ళలో ఇదే.

ఇది చదువుతున్న అబ్బాయ్, నువ్వూ మా వాడి ఈడువాడివే అయితే కాస్త కూర్చుని విను. ఫోను పక్కన పెట్టి విను.

మా రోజుల్లో రీసేలు అన్న మాటే లేదు. బండి కొనేవాడు అడిగేది ఒకటే మాట: "ఎవరి చేతి బండి?" అంతే. మీటరు ఎంత తిరిగిందని ఎవరూ అడిగేవారు కాదు. చాలా జీపులకి అసలు మీటరు పనిచేసేదే కాదు. ఎవరు నడిపారు, ఏ మేస్త్రి చెయ్యి పడింది, వానాకాలం ఎక్కడ తిరిగింది, ఎండాకాలం ఎక్కడ నిలబడింది, ఇదంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది. ఫలానా డ్రైవరు చేతి బండి అంటే కళ్ళు మూసుకుని బయానా ఇచ్చేసేవాళ్ళం. ఫలానావాడిదంటే, ఊరికే ఇచ్చినా వద్దనేవాళ్ళం. ధర బండిలో ఉండేది కాదు నాయనా, దాన్ని పట్టుకున్న చేతిలో ఉండేది.

నాకు బెజవాడ వన్ టౌన్‌లో పంజా సెంటరు దగ్గర ఆయిలింజన్ల సామాన్ల కొట్టుండేది. బెల్టులు, బుష్షులు, పిస్టన్ రింగులు, నాజిళ్ళు. కృష్ణా డెల్టాలో పొలాలకి నీళ్ళు తోడే ఇంజన్లన్నిటికీ వన్ టౌనే ఆధారం. సామాను అరువు మీద పోయేది, డబ్బు పంట చేతికొచ్చాక వసూలయ్యేది. ఆ వసూళ్ళకి ఎక్కడెక్కడికో పోవాలి. కంకిపాడు, ఉయ్యూరు దాకా బస్సుంది. అక్కణ్ణించి లోపలికి కాలవగట్లు. ఎండాకాలంలో ఆ గట్ల మీద సైకిలు కూడా హాయిగా పోతుంది. ఒక్క వాన పడితే మాత్రం నల్లరేగడి. ఆ బురద సంగతి హైదరాబాదులో పుట్టినవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. చెప్పులు తీసి చేత్తో పట్టుకుంటే కాలికి మూడు కేజీల మట్టి అంటుకుని వస్తుంది. టైరుకీ అంతే. వెనక రెండు చక్రాలు తిరిగే కారు అక్కడ గిరగిరా తిరిగి గొయ్యి తవ్వుకుని అందులో కూర్చుంటుంది. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. అంటే జీపు.

ఆ జీపు మనది కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ళు చేసిన విల్లీస్. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో బొంబాయిలో మహీంద్రా వాళ్ళు దాని భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టి, తర్వాత ఇక్కడే తయారుచేశారు. మా వైపు అది కనబడేది ఎక్కువగా సర్కారు ఆఫీసుల ముందే. తాసిల్దారు జీపు, లాకుల దగ్గర ఇరిగేషన్ వాళ్ళ జీపు, పోలీసు జీపు. మామూలు వాడికి జీపు దొరకాలంటే ఆ ఆఫీసులు పాతవాటిని కండెమ్ చేసి వేలం వేసినప్పుడే, లేకపోతే మిలిటరీ డిస్పోజలు సరుకులో. కాబట్టి మా రోజుల్లో ఫోర్‌వీల్ అంటేనే సెకండ్ హ్యాండు. కొత్తది కొన్నవాణ్ణి మా వీధిలో నేను చూడలేదు.

నాకు జీపు పిచ్చి ఎప్పుడు పట్టిందో తేదీతో సహా చెప్పగలను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. వేల ప్రాణాలు ఒక్క రాత్రిలో పోయాయి. తర్వాత రెండు మూడు రోజులకి వన్ టౌన్ వర్తకులు బియ్యం, దుప్పట్లు, కిరసనాయిలు పోగుచేసి లారీల్లో పంపితే కుర్రాళ్ళం మేమూ ఎక్కాం. అవనిగడ్డ దాకా లారీ ఎలాగో పోయింది. కోడూరు వైపు తిరిగితే రోడ్డు లేదు. చెట్లు, స్తంభాలు, ఉబ్బిన పశువులు, మోకాలిలోతు ఉప్పునీళ్ళు. లారీ నిలిచిపోయింది. అప్పుడొక పాత పెట్రోలు జీపు వచ్చింది. డ్రైవరు ముసలాయన. నీళ్ళ అంచున బండి ఆపి, బానెట్ ఎత్తి, ఫ్యాన్ బెల్టు ఊడదీశాడు. ఎందుకని అడిగితే, ఫ్యాన్ తిరిగితే నీళ్ళు ఎగిరి డిస్ట్రిబ్యూటరు మీద పడతాయి, ఇంజను చచ్చిపోతుంది అన్నాడు. డిస్ట్రిబ్యూటరు మూత చుట్టూ గ్రీజు మెత్తాడు. చిన్న లీవర్లు రెండూ లాగి లో గేరులో పెట్టి, మనిషి నడిచినంత నెమ్మదిగా నీళ్ళలోకి దింపాడు. ఆ నీళ్ళలో ఆ జీపు ఎంత నిదానంగా, ఎంత నమ్మకంగా పోయిందో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆ సాయంత్రంలోగా అది పదిసార్లు అటూ ఇటూ తిరిగి బస్తాలు మోసింది, మనుషుల్ని మోసింది. ఆ జీపుకి మార్కెట్లో ఎంత వస్తుందని ఆ రోజు ఎవడైనా అడిగుంటే అక్కడే నీళ్ళలో ముంచేవాళ్ళం.

1981లో నేను కొన్నాను. సర్కారు వేలంలో ఒక దళారీ పాడుకున్న బండి. హై బానెట్ పెట్రోలు జీపు, అద్దం ముందుకి మడిచేది, పెట్రోలు ట్యాంకు సరిగ్గా డ్రైవరు సీటు కింద. 14 వేలు. నడిపి చూస్తే మెత్తగా, చప్పుడు లేకుండా వెళ్ళింది. మురిసిపోయి డబ్బు లెక్కపెట్టాను. మూడు వారాలకి వెనక హౌసింగు లోంచి ఏడుపులాంటి శబ్దం మొదలైంది. ఆటోనగర్ తీసుకెళితే మా మేస్త్రి అడుగు బోల్టు విప్పాడు. నూనెతో పాటు రంపప్పొట్టు ముద్దగా జారి పళ్ళెంలో పడింది. అరిగిపోయిన క్రౌన్ పినియన్ అరవకుండా ఆ పెద్దమనిషి కలప అడితీ పొట్టు కూరి అమ్మాడు. మా రోజుల్లో మోసం లేదని నేను అనను. అంటే అబద్ధమవుతుంది. కాని ఆ మోసం పొట్టు రూపంలో పళ్ళెంలో పడింది, చేత్తో పట్టుకుని చూడగలిగాం. రెండు వేల చిల్లర పెట్టి బాగుచేయించాను. ఇంకోటి కూడా జరిగింది. ఆ దళారీ పేరు ఆటోనగర్ అంతా పాకింది. ఆ తర్వాత ఆయన దగ్గర జీపు కొన్నవాణ్ణి నేను చూడలేదు.

ఆటోనగర్ గురించి ఒక మాట చెప్పాలి. 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్, మన బెజవాడకి కొండ మీది అమ్మవారి తర్వాత అంతటి పేరు తెచ్చిన చోటు. లారీకి బాడీ కట్టాలన్నా, ఇంజను బోరు చేయించాలన్నా ఎక్కడెక్కడివాళ్ళో ఇక్కడికే వచ్చేవాళ్ళు. లేతు మిషను ముందు పదమూడేళ్ళ కుర్రాడు నిలబడి పని నేర్చుకుని ముప్ఫై ఏళ్ళకి మేస్త్రి అయ్యేవాడు. కుర్రాణ్ణి బడి మాన్పించి నిలబెట్టడం తప్పేనని ఇప్పుడు నాకు తెలుసు. అయినా ఆ చేతుల్లో ఉన్న తెలివి ఇంకెక్కడా చూడలేదు. మా మేస్త్రి బండి కొనే ముందు ఎలా చూసేవాడో చెబుతా విను. ముందు చల్లటి ఇంజనుని స్టార్టు చేయించేవాడు. వేడిగా ఉన్న బండిని చూపిస్తే మర్నాడు పొద్దున రమ్మనేవాడు. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది, నల్లగా వస్తే డీజిలు ఎక్కువ పోతోంది, తెల్లగా వచ్చి ఆగకపోతే నీళ్ళు దూరాయి. ఆయిలు పోసే మూత తీసి అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టేవాడు, గాలి తంతే రింగులు పోయినట్టు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపేవాడు. ఆఖరున మట్టిలోకి తీసుకెళ్ళి ఫోర్‌వీల్ వేయించేవాడు.

మట్టిలోనే. తారు రోడ్డు మీద వేస్తే తిట్టేవాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోతాయి. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు. అప్పుడు ఆ మెలి అంతా గేర్ల మీద పడి బండి బిగుసుకుపోతుంది. ఇప్పటి థార్‌కీ ఇదే సూత్రం. పక్కన లీవరూ అలాగే ఉంటుంది. ఇది తెలియని వాడు షోకు కోసం బందరు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి తిరుగుతాడు. ఇంకొకడు మట్టిలో కూడా వెయ్యడు. ఈ రెండోవాడి గురించే నా బాధంతా.

మా వాడితో కలిసి మొదటిసారి చూడటానికి వెళ్ళిన బండి అలాంటిదే. భవానీపురంలో ఒక అపార్టుమెంటు సెల్లారులో తెరవెనక పెళ్ళికూతురిలా గుడ్డ కప్పి ఉంది. 2021 మోడలు. సీట్లకి ప్లాస్టిక్కు కాగితం ఇంకా తియ్యలేదు. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, కాఫీ ఇప్పించాడు. "అంకుల్, ఒక్కసారి కూడా మట్టిలోకి దింపలేదు. ఫోర్‌వీల్ లీవరు ముట్టుకోలేదు. రీసేలు పోతుందని జాగ్రత్తగా ఉంచాను" అన్నాడు గర్వంగా. నేను ఎక్కి లీవరు లాగితే రాదు. నాలుగేళ్ళు కదలని ఇనుము ఎలా కదులుతుంది? ఆ గేర్లకి నూనె అందాలంటే నెలకొకసారైనా మట్టిలో దించి కొద్ది దూరం తిప్పాలి. పెరట్లో గేదెని పాలు పిండకుండా ఉంచి, పొదుగు చెడకుండా దాచానన్నట్టుంది. ఎవరి కోసం దాచాడు? తన తర్వాత కొనేవాడి కోసం. ఆ కొనేవాడు మా మనవడు. వీడూ తన తర్వాతివాడి కోసం దాస్తాడు. అలా చేతులు మారి మారి తుక్కు కొట్టుకి చేరేదాకా ఆ జీపు ఒక్కసారీ జీపు కాదు. నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది.

పోనీ అంత దాస్తే ఆ రేటు నిలుస్తుందా? మా వాడు లెక్కలు చెప్పాడు, నేనూ అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాను. బీమా లెక్కలో బండి విలువ మొదటి ఆరు నెలల్లోనే 5 శాతం తీసేస్తారు, ఏడాది నిండేసరికి 15, ఆ తర్వాత రెండో ఏడు 20, మూడో ఏడు 30, నాలుగో ఏడు 40, ఐదో ఏడు 50. బురదలో తిరిగినా, గుడ్డ కప్పి ఉంచినా అదే లెక్క. బజారు లెక్క ఇంకోటి. 2020 అక్టోబరు 2న ఈ కొత్త థార్ వచ్చినప్పుడు జనం ఎగబడ్డారట. నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేసరికి ఏడాది వాడిన బండి కూడా కొత్తదాని ధరకి దగ్గరగా పోయింది. తర్వాత 2023 జనవరిలో వెనక చక్రాలు మాత్రమే లాగే థార్ పది లక్షల లోపు ధరకి దింపారు. 2024 ఆగస్టు 15న అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కార్ల మీద జీఎస్టీ తగ్గింది. కొత్త రకం వచ్చినప్పుడల్లా, కొత్తదాని ధర తగ్గినప్పుడల్లా పాతదాని ధర దిగింది. చూశావా? సెల్లారులో ఆ బండి కదల్లేదు, దుమ్ము పడలేదు, ఒక గీత పడలేదు. ధర మాత్రం ఎక్కడో ఢిల్లీలోనూ బొంబాయిలోనూ కూర్చున్నవాళ్ళ నిర్ణయంతో జారిపోయింది. మన చేతిలో లేనిదాని కోసం మన చేతిలో ఉన్న బండిని వాడకుండా పెట్టుకోవడం ఏం తెలివి?

ఇంకో సంగతి. వెనక చక్రాలు మాత్రమే లాగే ఆ రకం బయటికి చూస్తే అచ్చం ఫోర్‌వీల్ లాగే ఉంటుంది. అమ్మేవాళ్ళు థార్ అని మాత్రమే చెబుతారు. లోపలికి వంగి గేరు పక్కన రెండో లీవరుందో లేదో చూసుకో. జీపు ఆకారం వేసుకుని నాలుగు చక్రాలు లాగనిదాన్ని జీపనడం నా నోటికి రావడం లేదు.

నంబరు ప్లేటు కూడా పనికిరాకుండా చేశారు. ఏపీ 16 అంటే మన కృష్ణా జిల్లా బండి. ఏ ఊరు దాటి వచ్చిందో ప్లేటే చెప్పేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకటే మొదలుపెట్టారు. శ్రీకాకుళమో చిత్తూరో ఎవరికి తెలుసు? ఇక జిల్లాలంటావా, 2022 ఏప్రిల్ 4న వాటినీ విడదీశారు. పుట్టి పెరిగిన ఇంట్లోనే కూర్చుని నేను ఎన్టీఆర్ జిల్లా వాణ్ణయ్యాను. కృష్ణానది మాత్రం కొండ కిందే ఉంది, జిల్లా పేరు బందరు వైపు పోయింది.

నేను మొదట్లో మా వాడికి పాత ఎమ్మెమ్ 540 కొనమని చెప్పాను. ప్యూజో డీజిలు ఇంజను, రాయిలా ఉంటుంది. విప్పి బిగించడానికి రెండు స్పానర్లు చాలు. వాడు ఓపిగ్గా కాగితం తీసి చూపించాడు. 15 ఏళ్ళు దాటిన కారుకి మళ్ళీ రిజిస్ట్రేషను చేయించాలంటే 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5 వేలు, 20 ఏళ్ళు దాటితే 2025లో దాన్ని 10 వేలు చేశారు. అదీ అయిదేళ్ళకే. ఎఫ్.సి. కోసం బ్రేకిన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి. ఎయిర్‌బ్యాగు లేదు. "నువ్వు నడిపావు సరే, రేపు నా పెళ్ళాం పిల్లలు ఎక్కితే?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మా జీపులో సీటుబెల్టే ఉండేది కాదు. వాన పడితే హుడ్డు లోపల కూడా తడిసేవాళ్ళం. మా ఆవిడ నడుం నొప్పి ఆ కుదుపులకి మొదలైందే. వాడు అన్నది మాత్రం నిజం.

రెండో బండి రేటు తక్కువ. ఆటోనగర్ అవతల ఒక షెడ్డులో. తళతళలాడుతోంది, లోపల అత్తరు వాసన. కొత్త మ్యాట్లు. మా వాడు స్టీరింగు కింద చిన్న పెట్టె ఒకటి గుచ్చి ఫోనులో చూసి, ఏ తప్పూ చూపించడం లేదన్నాడు. నాకు ఆ అత్తరు నచ్చలేదు. బండిలో అత్తరు ఎందుకు కొడతారు? ముందు సీటు బెల్టు పట్టుకుని లాగాను. ఇంకా లాగాను. చివరికంటా లాగాను, మామూలుగా ఎవరూ లాగనంత దూరం. ఆఖరి జానెడులో పసుప్పచ్చగా మట్టి చార, గోటితో గీకితే పొడి రాలింది.

అది ఏ మట్టో నాకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ములిగిపోయాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పడవలొచ్చి బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయి. మా వన్ టౌన్‌లో ఎత్తు మీద ఉన్నవాళ్ళం బతికిపోయాం కాని, అవతల బంధువుల ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళు. వీధుల్లో కార్ల పైకప్పులు మాత్రమే కనిపించేవి. ఆ నీళ్ళు తీశాక క్రేన్లు లాక్కుపోయిన బళ్ళ వరస చూస్తే ఏడుపొచ్చింది. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి కష్టం. అందులో చాలావాటిని బీమావాళ్ళు ఇక బాగుచేయడం దండగని లెక్క తేల్చేశారు. అలా తేల్చిన బళ్ళు తుక్కుకి పోవాలి. అన్నీ పోవు. కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి అమ్మేవాళ్ళు ఉంటారు.

మా పాత జీపు ములిగితే ఏం చేసేవాళ్ళమో చెప్పనా? నూనెలన్నీ తీసి పారబోసి, ప్లగ్గులు విప్పి, హ్యాండిలు వేసి తిప్పి నీళ్ళు కక్కించి, డైనమో, సెల్ఫు మోటారు విప్పి రెండు రోజులు ఎండలో పెట్టేవాళ్ళం. మూడో రోజు పరిగెత్తేది. ఇప్పటి బండికి ఒళ్ళంతా వైర్లు, సీటు కింద కంప్యూటర్లు. నీళ్ళు దిగిన చోట ఇవాళ పని చేస్తుంది, ఆరు నెలలకి పచ్చగా తుప్పు పట్టి నడిరోడ్డు మీద ఆగుతుంది. అందుకని నువ్వు బెజవాడలో గాని, ఇక్కణ్ణించి పోయిన బండిని ఇంకెక్కడైనా గాని కొనేటప్పుడు బెల్టు చివరిదాకా లాగు. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో చూడు. ఫ్యూజుల పెట్టె మూత తియ్యి. హెడ్‌లైటు లోపల చెమ్మ ఉందేమో చూడు. నేల మాత్రం చూసి నమ్మకు. కొన్ని థార్‌లకి కడుక్కోవడానికి వీలుగా అడుగున బిరడాలుంటాయి, నేల ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. మా వాడు ఆ చార చూసి చాలాసేపు మాట్లాడలేదు.

మూడోదాన్ని నేను మెచ్చాను. గుంటూరు వైపు నుంచి వచ్చింది. పొగ లేదు, గాలి తన్నడం లేదు, లీవరు తేలిగ్గా పడింది. మీటరు మీద 42 వేలు. కొనెయ్యరా అన్నాను. వాడు తన పెట్టె గుచ్చి చూశాడు. బండి లోపల ఇంకో కంప్యూటరు రాసుకున్న లెక్క 91 వేలు. మీటరు వెనక్కి తిప్పారు. ఆ పెట్టె లేకపోతే నేను నా నోటితో మా వాడి చేత దాన్ని కొనిపించేవాణ్ణి. చూపుకీ చేతికీ అందని మోసాన్ని పట్టాలంటే ఆ పెట్టెలు కావాల్సి వచ్చే రోజులొచ్చాయి, అదే నా దుఃఖం.

నా జీపుని 1996లో అమ్మాను. పదిహేనేళ్ళు నా చేతిలో ఉంది. మధ్యలో పెట్రోలు ఇంజను తీసేసి మెటాడోర్ వ్యాను డీజిలు ఇంజను ఎక్కించి, సి.బుక్కులో ఆ మార్పు రాయించాను. చాలామంది రాయించేవాళ్ళు కాదు, కొన్నవాడు ఏడ్చేవాడు. నూజివీడు మామిడి తోటల ఆసామి ఒకాయన వచ్చాడు. నేను ఒక తెల్లకాగితం మీద దాని జబ్బులన్నీ రాసి ఆయన చేతిలో పెట్టాను. స్టీరింగులో రెండు వేళ్ళ ఆట, మూడో గేరు ఒక్కోసారి బయటికి తన్నుతుంది, కుడి పక్క లైటుకి కనెక్షను వదులు. ఆయన చదువుకుని మడిచి జేబులో పెట్టుకుని, నేను చెప్పిన 38 వేలూ లెక్కపెట్టి ఇచ్చాడు. బేరం ఆడలేదు. కొన్నప్పటి డబ్బుకి రెండున్నర రెట్లకి పైగా వచ్చిందని మా వాడు లెక్కగట్టి "అదే రీసేలు తాతయ్యా" అంటాడు. మధ్యలో పెట్టిన ఖర్చు, ఇంజను, టైర్లు, పదిహేనేళ్ళ కాలవగట్లు వాడి లెక్కలో లేవు. ఆ డబ్బు కోసం నేను దాన్ని ఎప్పుడూ దాచలేదు. దివిసీమలో ప్రతి కాలవగట్టూ దానికి తెలుసు.

నాలుగో బండి కోసం కైకలూరు వెళ్ళాం. గుడివాడ, ముదినేపల్లి మీదుగా. మా కృష్ణా జిల్లా కైకలూరు, ఇప్పుడు ఏలూరు జిల్లా. చేపల చెరువుల రైతు. చెరువుగట్టు మీదే ఉంది బండి, తలుపుల దాకా బురద. మా వాడి మొహం వాడిపోయింది. నేను ముందు నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను, మంచినీళ్ళ చెరువే. సముద్రం వైపు రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళైతే ఛాసిస్ తినేస్తుంది, ఆ బండి నేను ముట్టను. అడుగున పడుకుని చూస్తే పైపైన మట్టి తప్ప ఇనుము గట్టిగా ఉంది. 2021 డీజిలు, ఫోర్‌వీల్. మా వాడు పెట్టె గుచ్చితే 68 వేలు, మీటరు మీదా 68 వేలే.

ఆ రైతు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, మేం అడక్కుండానే, "బాబాయ్ గారూ, ముందు ఎడం చక్రం దగ్గర సీలు కారుతోంది. నాకు తీరిక లేక మార్పించలేదు. మీరు ఊరెళ్ళగానే మార్పించండి, దానికి మూడు వేలు తగ్గించుకోండి" అన్నాడు. మేమిద్దరం వెతికినా ఆ కారడం మాకు కనబడలేదు, అంత బురద. రోజూ గట్టు మీద ఫోర్‌వీల్‌లోనే తిప్పుతానన్నాడు. లీవరు వెన్నలా పడింది. మా వాడు ఏడాదిలో బజారు ధర ఎంత పడుతుందో ఫోనులో చూడబోతే చేత్తో మూశాను. మూడు వేలు పోగా 10 లక్షల 40 వేలకి బేరం కుదిరింది. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద అక్కడే అరుగు మీద సంతకాలు చేశారు. ఫైనాన్సు తీరిపోయిన కాగితం, బ్యాంకు సంతకంతో 35 ఫారం కూడా ఆయన సిద్ధంగా పెట్టుకున్నాడు.

వచ్చేటప్పుడు మా వాడే నడిపాడు. నేరుగా ఇంటికి పోనివ్వలేదు, ఆటోనగర్ తిప్పించాను. మా మేస్త్రి పోయి చాలా కాలమైంది, షెడ్డు ఆయన కొడుకుది. చీకటి పడుతోంది. లైటు పట్టుకుని కిందికి దూరాడు. కాసేపు గుడ్డతో తుడిచిన చప్పుడు. బయటికి రాకుండానే అక్కణ్ణించి అడిగాడు: "ఎవరి చేతి బండి బాబాయ్ ఇది?"

కైకలూరులో చెరువుల రైతుదని చెప్పాను. సీలు సంగతి కూడా చెప్పాను.

"చెప్పిన చోటే కారుతోంది. ఇంకెక్కడా లేదు" అన్నాడు కింద నుంచి.